సున్నా రోజు

మా రిజిస్టరులో మొదటి రోజుని ఒకటి అనం,
సున్నా అంటాం.
సున్నా, మూడు, ఏడు, ఇరవై ఎనిమిది.
పదహారేళ్లుగా నా నాలిక మీద ఇదే ఎక్కం.

తెడ్డు పరసన్న పేరు అందులో లేదు.
అతన్ని నేను చూసింది ఇంజక్షన్ల గదిలో కాదు,
పెదవాల్తేరు ఆసుపత్రి చివరి గదిలో,
కిటికీకి దుప్పటి కట్టిన చోట.

నలభై ఏళ్లు నీళ్ల మీద బతికినవాడు.
బంగారి స్టీలు గ్లాసుతో వస్తుంటే
గ్లాసు గుమ్మం దాటకముందే
మొగుడి గొంతు బిగుసుకుపోయింది.
దాహమంటాడు, తాగలేడు.
తెలీక ఎవరో ఫాను వేశారు.
ఆ గాలికే మెడనరాలు మోకుల్లా లేచాయి.
"ఆపండమ్మా" అన్నాడు.
తెలివి ఉంది. అంతా తెలుస్తోంది.
నాకు రాత్రి నిద్ర పట్టనిది అందుకే.

"కుక్క ఎప్పుడు కరిచింది?"
"కరవనేదమ్మా. పిల్ల. ఇంతుంటాది.
హార్బర్ల ఐసుపెట్టెల కింద పుట్టింది.
సేప తల పెడతంటే పన్ను గీసుకుంది.
సున్నం రాసేసి ఏటకెలిపోనాడు.
రెణ్ణెల్లయింది.
మొన్నట్నుంచి ఆ సోటే సీమలు పాకతన్నట్టుందన్నాడు,
జొరమన్నాడు."

"ఆ పిల్లేమైంది?"
"ఆ వారమే సచ్చిపోనాది.
మా ఈది గుంటలే ఇసకలో కప్పెట్టేరు."

నా చేతిలో పెన్ను ఆగింది.
"ఎంతమంది గుంటలు?"
వేళ్లు మడిచి లెక్కపెట్టింది.
ఒక చెయ్యి అయిపోయింది. రెండోది మొదలెట్టింది.

పరసన్నకి డాక్టరుగారు ఇవ్వగలిగింది
కాస్త నిద్ర.
మూడో రాత్రి ఆ నిద్రలోనే వెళ్లిపోయాడు.

మర్నాడు రెండు ఆటోల్లో పదకొండు మంది.
వెనకాల బంగారి, ఇంకా ఏడుపు ఆరని మొహంతో,
మణికట్టు మీద గీత ఒకటి చూపిస్తూ:
"ఇదీ దానిదే. ఇప్పుడు పనికొస్తాదా?"
ఒంట్లో జబ్బు లేవకముందు
ఎప్పుడొచ్చినా పనికొస్తుందమ్మా, కూచో.

కాసులమ్మకి పిక్క మీద పంటి గాటు.
ఆ మచ్చ చుట్టూతా ఇంకో మందు కూడా ఎక్కించాం,
టీకా పుంజుకునేదాకా కాపలా కాసేది.
ఒకడు చొక్కా కిందికి లాక్కుంటూ,
"బొడ్డు సుట్టూ పద్నాలుగంటగా?"
అది మీ తాతల కాలంరా. జబ్బ చూపించు.

వెళ్లేటప్పుడు చెప్పాను:
కరిచినా, గోరు గీసినా, పుండు మీద నాకినా
ముందు సబ్బు, కుళాయి ధార, పావుగంట.
సున్నం వద్దు, కారం వద్దు, పసరు వద్దు.
నేరుగా ఇక్కడికి.
"పావుగంటంటే?" అంది బంగారి.
గోడ గడియారం వైపు చూశాను.
తనే అంది: "తట్టెడు కవ్వళ్లు ఏరినంతసేపు."

ఇరవై ఎనిమిదో రోజు పదిమందే వచ్చారు.
పదకొండోవాడు మావతో బోటెక్కాడట.
బంగారి జెట్టీ మీద పొద్దుటినుంచీ కాపు వేసి
డీజిల్ కంపు కొడుతున్న వాణ్ణి
కాలరు పట్టుకుని తెచ్చింది, గది మూసేవేళకి.

"దాని మీద కోపం లేదా?" అనడిగాను ఒకసారి.
"దానికి మాత్రం తెలుసా ఏటి?"
ఐసుపెట్టెల కింద మళ్లీ ఈనిందట.
మూడు నెలలు నిండాక
నాలుగు పిల్లల్నీ చేపల తట్టలో పెట్టుకుని
పశువుల ఆసుపత్రికి నడిచింది.
బస్సువాడు ఎక్కించుకోలేదు.

మొన్న ఆదివారం వంజరం కోసం వెళ్లాను.
కుళాయి స్తంభానికి
చిరిగిన వలముక్క కట్టి ఉంది,
అందులో ఎర్ర సబ్బు.
ముట్టుకుంటే తడిగా ఉంది, సగానికి అరిగింది.
ఎవరు కడుక్కున్నారో. ఉట్టి చెయ్యో, గాటు పడిన కాలో.

సోమవారం ఓ పావుగంట ముందే గది తెరిచాను.
కొత్త పేజీ తిప్పి, గీత కొట్టి,
పేరు రాసేచోటు వదిలేసి
పక్కన సున్నా పెట్టాను.